లెవెన్‌వర్త్ కేసా, పక్కింటి వ్యవహారమా? ఆనా కేథరిన్ గ్రీన్‌ని దేనితో మొదలుపెట్టాలి

డిటెక్టివ్ నవలలు ఇష్టపడే స్నేహితులు ఈ మధ్య నన్ను తరచూ ఒకటే అడుగుతున్నారు: "ఆనా కేథరిన్ గ్రీన్ పేరు వింటున్నాం గానీ, ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?" నెల కిందట మా చెల్లెలి కూతురు కూడా అదే అడిగింది. లా మూడో సంవత్సరం చదువుతోంది. ఇంట్లో పిల్ల అడిగేసరికి కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆలోచించాను. మొదటి పుస్తకం విసుగనిపిస్తే రెండోది ఇక ముట్టుకోదని తెలుసు. అందుకే రెండు నవలలూ ముందు వేసుకుని మళ్లీ చదివాను. ఒకటి 1878లో వచ్చిన 'ది లెవెన్‌వర్త్ కేస్'. రెండోది 1897లో వచ్చిన 'దట్ అఫైర్ నెక్స్ట్ డోర్', అంటే పక్కింటి వ్యవహారం. రచయిత్రి ఒకరే, ఊరు న్యూయార్కే, రెండింట్లోనూ ఉన్న డిటెక్టివ్ ఎబెనీజర్ గ్రైస్ ఒకడే. మధ్యలో పందొమ్మిదేళ్లు గడిచాయి.

ముందు ఒక పొరపాటు సరిచేయాలి. గ్రీన్‌ని "మొట్టమొదటి మహిళా డిటెక్టివ్ రచయిత్రి" అని రాసేస్తుంటారు. అమెరికాలోనే ఆమెకంటే పన్నెండేళ్ల ముందు మెటా విక్టర్ ఉంది. సీలీ రెజెస్టర్ అనే మారుపేరుతో 'ది డెడ్ లెటర్' అనే నవలను 1866లో ధారావాహికగా రాసింది. గ్రీన్ గొప్పదనం ముందుగా రావడంలో లేదు. అపరాధ పరిశోధనను పేపర్ మీద ఒక పద్ధతిగా నిలబెట్టడంలో ఉంది. షెర్లాక్ హోమ్స్ మొదటిసారి అచ్చులో కనిపించింది 1887లో. అప్పటికి గ్రైస్ వచ్చి తొమ్మిదేళ్లు.

చాలామంది ఇచ్చే సలహా 'పక్కింటి వ్యవహారం'తో మొదలుపెట్టమనే. ఎందుకంటారో నాకు బాగా అర్థమవుతుంది. అది చెప్పేది అమీలియా బటర్‌వర్త్. పెళ్లి చేసుకోని, నడివయసు దాటిన, డబ్బూ పరువూ ఉన్న మనిషి. ఉండేది గ్రామర్సీ పార్క్‌లో. సెప్టెంబరులో ఒక రాత్రి పక్కింటి ముందు గుర్రపు బండి ఆగిన చప్పుడు వింటుంది. ఆ ఇల్లు తాళం వేసి ఉంది, ఇంటివాళ్లు యూరప్ వెళ్లారు. తనకు ఇతరుల విషయాలు తెలుసుకునే అలవాటు లేదని మొదటి వాక్యంలో చెప్పుకుంటూనే, అదే వాక్యంలో మంచం దిగి కర్టెన్ పక్కకు జరిపి చూస్తుంది. బండిలోంచి ఒక మగమనిషి, ఒక ఆడమనిషి దిగి లోపలికి వెళ్తారు. కాసేపటికి మగమనిషి ఒక్కడే బయటికొస్తాడు. పొద్దున చూస్తే హాల్లో పెద్ద అల్మారా కింద పడి ఉన్న ఒక స్త్రీ శవం.

ఆ మొదటి అధ్యాయం చదివాక పుస్తకం కింద పెట్టడం కష్టం. బటర్‌వర్త్ గొంతు అంత బలంగా ఉంటుంది. పోలీసులకు తట్టనివి ఆమెకు తడతాయి, ఎందుకంటే ఆమె చూసేది టోపీ, గ్లవ్స్, కుట్టు, గుడ్డ ఎక్కడ కొన్నారు అన్నవి. హ్యాట్‌పిన్ అనే, టోపీ జారకుండా జుట్టుకు గుచ్చే చిన్న సూది ఈ కేసులో ఎంత పని చేస్తుందో చదివితే తెలుస్తుంది. గ్రైస్ అప్పటికి ముసలివాడు. ఆమెను మొదట ఒక సాక్షిగానే చూస్తాడు, తర్వాత పోటీదారుగా, ఆ తర్వాత సమానురాలిగా. ఆ మార్పు మెల్లగా, ఇద్దరి మర్యాదా పోకుండా జరుగుతుంది. ముప్పై ఏళ్ల తర్వాత ఇంగ్లండులో అగాథా క్రిస్టీ సృష్టించిన ముసలి డిటెక్టివ్ మిస్ మార్పుల్‌కి బటర్‌వర్త్‌ను పెద్దక్క అనడంలో తప్పులేదు.

ఇంత చెప్పాక కూడా నేను మా పిల్ల చేతికి ఇచ్చింది 'లెవెన్‌వర్త్ కేస్'.

నా లెక్కలో తేల్చేది ఒక్కటే విషయం: సాక్ష్యం ముందుగా ఎవరి చేతికొస్తుంది? పక్కింటి వ్యవహారంలో ప్రతీదీ బటర్‌వర్త్ కళ్లతో, ఆమె అభిప్రాయంతో కలిసి వస్తుంది. ఆమె గొంతు ఎంత ముద్దుగా ఉన్నా, మనం ఆమె వెనకాల నడుస్తాం. లెవెన్‌వర్త్ కేసులో అలా కాదు. మొదటి అధ్యాయాల్లోనే రచయిత్రి కేసంతా తెచ్చి మన ముందు బల్ల మీద పరిచేస్తుంది. ఆ తర్వాత నాలుగు భాగాల నవలంతా, మన ముందే పరిచినదాన్ని మనం సరిగ్గా చూశామా లేదా అన్న పరీక్షే.

కథ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఫిఫ్త్ ఎవెన్యూలో పెద్ద భవనం. హొరేషియో లెవెన్‌వర్త్ అనే ధనవంతుడైన వృద్ధుడు రాత్రి తన లైబ్రరీలో బల్ల ముందు కూర్చుని ఉండగా వెనక నుంచి తలలో గుండు దిగి చనిపోతాడు. తల తిప్పి చూసిన జాడ లేదు. అంటే వెనక అడుగుల చప్పుడు అయినా ఆశ్చర్యపోనక్కర్లేని మనిషి ఎవరో వచ్చారు. తలుపులు, కిటికీలు రాత్రి వేసినవి వేసినట్టే ఉన్నాయి. కాబట్టి చంపింది ఇంట్లోవాళ్లే. ఆ ఇంట్లో ఉన్నది ఆయన పెంచిన ఇద్దరు అమ్మాయిలు, అన్నదమ్ముల బిడ్డలు, మేరీ, ఎలినార్. ఒక సెక్రటరీ, ఒక బట్లర్, పనివాళ్లు. హన్నా అనే పనమ్మాయి ఆ రాత్రి నుంచి కనిపించడం లేదు. ఆస్తి మొత్తం మేరీకే రాసి ఉంది. అనుమానం మాత్రం ఎలినార్ చుట్టూ బిగుసుకుంటుంది.

ఇక్కడ వచ్చేది కరోనర్ విచారణ, అంటే అనుమానాస్పద మరణాల మీద ఆ అధికారి జరిపే విచారణ. మన దగ్గర శవ పంచనామా పోలీసులు పంచాయతీదార్ల ఎదుట కాగితం మీద ముగించేస్తారు. ఆ కాలపు న్యూయార్క్‌లో కరోనర్ జ్యూరీని పోగుచేసి, సాక్షులను ఒక్కొక్కరినీ పిలిచి, ప్రమాణం చేయించి అడుగుతాడు. ఈ నవలలో అదంతా చనిపోయిన మనిషి ఇంట్లోనే, ఆయన హాల్లోనే జరుగుతుంది. పై అంతస్తులో శవం, కింద కుర్చీల్లో జ్యూరీ. బట్లర్ వస్తాడు, వంటమనిషి వస్తుంది, డాక్టర్ వస్తాడు. ఎవరు ఎప్పుడు ఏ తలుపు దగ్గర ఉన్నారు, ఏ తాళంచెవి కనిపించడం లేదు, భోజనాల దగ్గర ఎవరి ముఖం ఎలా ఉంది, అన్నీ జవాబుల్లోంచే బయటికి వస్తాయి. గదుల నక్షా కూడా రచయిత్రి పుస్తకంలో వేసి ఇచ్చింది. తర్వాత చిరిగిన ఉత్తరం ముక్క కూడా ఉన్నదున్నట్టు అచ్చువేసి మన కళ్లముందు పెడుతుంది. 1878లో ఇది!

ఒక్క వస్తువును దగ్గరగా చూద్దాం. రివాల్వర్. చనిపోయినాయనదే, పక్క గదిలో సొరుగులో దొరుకుతుంది. అన్ని అరల్లోనూ గుళ్లు నిండుగానే ఉన్నాయి. చూడగానే ఎవరైనా దాన్ని పక్కన పెట్టేస్తారు. కానీ తుపాకుల సంగతి తెలిసినవాడు దాన్ని చేతిలోకి తీసుకుని, గొట్టం శుభ్రంగా తుడిచి ఉంది గానీ తిరిగే సిలిండర్‌లో ఒక అర అంచున సన్నటి మసి గీత మిగిలిందని చూపిస్తాడు. అంటే ఒక గుండు పేలింది, తర్వాత ఎవరో తీరిగ్గా గొట్టం తుడిచి, కొత్త గుండు పెట్టి, ఎక్కడిదక్కడ సర్దారు. కాసేపటికి మసి మరకలున్న ఒక జేబురుమాలు బయటపడుతుంది, అది ఎలినార్‌ది. జ్యూరీ మొత్తం ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టు అనిపిస్తుంది. చదివే మనకు కూడా అక్కడ టెన్షన్ మొదలవుతుంది. కానీ ఆ మసి గీత, ఆ రుమాలు రెండూ కలిపి నిజంగా ఏం చెబుతున్నాయో అప్పుడు ఎవరూ పూర్తిగా అడగరు. నేను మొదటిసారి చదివినప్పుడు నేనూ అడగలేదు.

ఇంకో చోటు ఉంది. కథ చెప్పే కుర్రలాయరు ఎవరెట్ రేమండ్ ఆ ఇంటి మెట్లెక్కి అమ్మాయిల గది దగ్గరికి వెళ్తాడు. లోపలి నుంచి ఒక గొంతు వినిపిస్తుంది. నీ చేతిని నేను నిందించడం లేదు, నీ మనసును, నీ సంకల్పాన్ని నిందిస్తున్నాను అని ఒక అమ్మాయి ఇంకో అమ్మాయిని అంటోంది. తర్వాత తలుపు తెరుచుకుంటుంది, ఇద్దరూ కనిపిస్తారు. రేమండ్ వెంటనే ఒక నిర్ణయానికి వచ్చేస్తాడు, మనమూ ఆయనతో పాటే వచ్చేస్తాం. ఆయన విన్నదేమిటి, చూసిందేమిటి, ఊహించుకున్నదేమిటి? ఈ మూడూ విడివిడి సంగతులని గ్రీన్‌కి తెలుసు. ఆ సన్నివేశం దాటగానే ఒకసారి ఆగి మీరే వెనక్కి వెళ్లి చదవండి.

మా పిల్ల మొదటి వారం ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఇన్ని పేజీలైనా ఇంకా ఆ ఇంట్లోంచి బయటికే రాలేదు" అంది. ఓపిక పట్టమన్నాను. ఇంకో నాలుగు రోజులకు రాత్రి పదకొండింటికి ఫోన్. "తలుపు వెనక ఆ మాట అన్నది ఎవరో చెప్పు, లేకపోతే నిద్ర పట్టదు." చెప్పలేదు. చివరి భాగానికి వచ్చాక తనే ఒక విషయం పట్టుకొచ్చింది. అక్కడ గ్రైస్ తన సిద్ధాంతం ఒకటి చెబుతాడు: నేరానికి సంబంధించిన నూరు ముఖ్యమైన సంగతుల్లో తొంభై తొమ్మిది ఒక మనిషి వైపే వేలు చూపినా, నూరోది ఆ మనిషి చేయడానికి వీల్లేని పని అయితే మొత్తం అనుమానం కూలిపోతుంది. ఆ నూరోది ఏమిటో నేను చెప్పను. "ఇది మాకు ఎవిడెన్స్ క్లాసులో చెప్పిందే పెద్దమ్మా" అంది. సాక్షులు లేకుండా పరిస్థితుల మీదే నడిచే కేసుల్లో పాటించాల్సిన ఐదు సూత్రాలను 1984లో మన సుప్రీంకోర్టు ఒక తీర్పులో 'పంచశీల' అని పేరు పెట్టి చెప్పింది. గొలుసులో ఒక్క లంకె కూడా తెగకూడదు, నిందితుడు నిర్దోషి కావడానికి వీలున్న ఏ దారీ మిగలకూడదు అన్నది వాటి సారం. ఆ తీర్పుకు నూరేళ్లకు పైగా ముందే ఒక నవలలో డిటెక్టివ్ నోట ఇదే ఆలోచన రావడం చూసి పిల్ల కళ్లు పెద్దవి చేసుకుందని గొంతులోనే తెలిసింది.

ఈ పట్టు గ్రీన్‌కి ఎక్కడి నుంచి వచ్చింది? ఇంట్లోంచే. 1846లో బ్రూక్లిన్‌లో పుట్టింది, తండ్రి జేమ్స్ విల్సన్ గ్రీన్ లాయరు. వాంగ్మూలం, సాక్ష్యం, వీలునామా అన్న మాటలు ఆ ఇంట్లో రోజూ వినిపించేవి. నవలకు పెట్టిన ఉపశీర్షిక కూడా 'ఒక లాయరు కథ' అనే. ఆమెకు మొదట కోరిక కవయిత్రి కావాలని. వెర్మాంట్‌లో కాలేజీ చదువు ముగించి, కవిత్వం గురించి అమెరికన్ కవి ఎమర్సన్ అంతటివాడికి ఉత్తరం రాసింది కూడా. పేరు తెచ్చింది మాత్రం ఈ నవల. ముప్పై దాటిన వయసులో పుట్నామ్స్ ప్రచురణ సంస్థ ద్వారా ఇది బయటికొచ్చినప్పుడు, చట్టం మీద ఇంత పట్టున్న పుస్తకం ఆడమనిషి రాసిందా అన్న వాదన పెన్సిల్వేనియా చట్టసభ దాకా వెళ్లిందని ఆమె జీవితం రాసినవాళ్లు చెబుతారు. అది తలుచుకుంటే నాకిప్పటికీ బాధగా ఉంటుంది. ఆ కాలంలో కోర్టుల్లో వాదించే ఆడవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కోర్టులో ఆమెకు చోటు లేని విద్యను కాగితం మీద చేసి చూపించింది.

ఇంగ్లండులో నవలాకారుడు విల్కీ కాలిన్స్ దీన్ని మెచ్చుకున్నాడు. అగాథా క్రిస్టీ చిన్నప్పుడు ఈ నవల గురించి అక్క మాడ్జ్ దగ్గర విన్నానని ఆత్మకథలో రాసుకుంది. 1963లో వచ్చిన 'ది క్లాక్స్'లో తన డిటెక్టివ్ పోయిరో చేత పనిగట్టుకుని దీన్ని పొగిడించింది. ఆ వయసులో కూడా ఆమెకు ఆ పుస్తకం మీద ఉన్న ప్రేమ అందులో కనిపిస్తుంది.

ఇక గ్రైస్. మన దగ్గర అద్దె పుస్తకాల షాపుల్లోంచి తెచ్చుకుని చదివిన డిటెక్టివ్‌లంతా చురుకైన చూపులవాళ్లు. గ్రైస్ లావుగా, నెమ్మదిగా ఉంటాడు, మీ ముఖంలోకి ఎప్పుడూ చూడడు. సిరాబుడ్డి వైపో, పూలకుండీ వైపో, మీ చొక్కా బొత్తాం వైపో చూస్తూ మాట్లాడతాడు. కీళ్లనొప్పులు. తను పెద్దమనుషుల మధ్య పెద్దమనిషిగా చలామణి కాలేనని, ఎంత మంచి బట్టలు కుట్టించుకున్నా పసిగట్టేస్తారని రేమండ్‌తో మనసు విప్పి చెబుతాడు. అందుకే ఆ పని రేమండ్‌కి అప్పజెబుతాడు. ఊళ్లో గొప్పింట్లోకి అడుగుపెట్టాలంటే పోలీసుకి ఎంత ఇబ్బందో ఈ చిన్న ఒప్పుకోలులో తెలిసిపోతుంది. ఈ గ్రైస్‌ని ముందు ఇక్కడ కలుసుకుంటే, పందొమ్మిదేళ్ల తర్వాత బటర్‌వర్త్ ఎదురుగా కూర్చుని ఆయన ఇబ్బంది పడటంలోని రుచి తెలుస్తుంది. తిరగేసి చదివితే ఆ రుచి సగం పోతుంది. ఆ వరసలో మొదలుపెట్టమనడానికి ఇది నా రెండో కారణం.

లెవెన్‌వర్త్ కేసులో లోపాలు లేవనను. రేమండ్ ఎలినార్‌ని చూసిన క్షణం నుంచి ప్రేమలో పడి, ఆమె గురించి రాసినప్పుడల్లా వాక్యం పొంగిపోతుంది. ఇద్దరమ్మాయిలూ మనుషుల్లా కాక శిల్పాల్లా నిలబడి చేతులు చాచి మాట్లాడతారు. ఆ కాలపు నాటకాల పద్ధతి అది. కథ ఊరి బయటికి వెళ్లిన మధ్య భాగంలో నడక మందగిస్తుంది. పనివాళ్లను చూపించే తీరులో పెద్దింటివాళ్ల చిన్నచూపు ఉంది. చివర్లో వచ్చే ఒప్పుకోలు సగానికి కుదిస్తే బాగుండేది. ఈ విషయాల్లో పక్కింటి వ్యవహారం చాలా మేలు. అప్పటికి గ్రీన్ చేయి తిరిగింది, మాటలు మనుషుల మాటల్లా ఉన్నాయి. ఇంగ్లిష్ నవలలు అంతగా అలవాటు లేనివాళ్లు, లేదా పాతకాలపు పొడవు వాక్యాలంటే భయపడేవాళ్లు బటర్‌వర్త్‌తోనే మొదలుపెట్టండి, నాకేమీ అభ్యంతరం లేదు. కథనం కోసం చదివేవాళ్లకు కూడా అదే సరి. చిక్కుముడిని తామే విప్పాలనుకునేవాళ్లకు మాత్రం లెవెన్‌వర్త్ కేసే.

మిగతావి క్లుప్తంగా. మెటా విక్టర్ రాసిన 'ది డెడ్ లెటర్'లో డిటెక్టివ్ బర్టన్ తన చిన్నకూతురిని మైకంలోకి పంపి, ఆమెకు దివ్యదృష్టితో కనిపించిన దాన్ని బట్టి హంతకుడి జాడ తీస్తాడు. చరిత్ర కోసం చదవొచ్చు, కానీ నేను పైన చెప్పిన కొలతకు అది నిలవదు. గ్రీన్ రాసిన వయొలెట్ స్ట్రేంజ్ కథలు 1915లో పుస్తకంగా వచ్చాయి. గొప్పింటి అమ్మాయి, తండ్రి వెళ్లగొట్టిన అక్కకు సాయపడటానికి రహస్యంగా డబ్బు తీసుకుని కేసులు చేస్తుంది. బస్సులో ఒక్కో కథ చదువుకోవడానికి బాగుంటాయి. 'లాస్ట్ మ్యాన్స్ లేన్' బటర్‌వర్త్ రెండో నవల, మొదటిది నచ్చితేనే. కాలిన్స్ 'మూన్‌స్టోన్'ని కొందరు ఈ పోటీలోకి తెస్తారు గానీ అది వేరే దేశం, వేరే సంగతి.

పుస్తకాల కోసం డబ్బు పెట్టక్కర్లేదు. గ్రీన్ నవలలకు కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫోన్‌లో చదివేటప్పుడు లైబ్రరీ నక్షా స్పష్టంగా ఉందో లేదో ముందే చూసుకోండి. చిన్న తెరలో అది నలిగిపోతే, ఒక తెల్ల కాగితం మీద గదులు, తలుపులు గీసి పక్కన పెట్టుకోవడం మంచిది. మా పిల్ల అలాగే చేసింది. లెవెన్‌వర్త్ కేస్ ముగించిన మర్నాడే పక్కింటి వ్యవహారం మొదలుపెట్టి, నిన్న సాయంత్రం మెసేజ్ పెట్టింది: "గ్రైస్ ముసలాడైపోయాడేంటి పెద్దమ్మా, జాలేస్తోంది."